తొలినాటి కార్డు

తపాలా బిళ్ళలు సేకరించువారిని మీరు చూచియే యుందురు. బిళ్ళను విడిచి, ఎవరో ఎవరికో వ్రాసిన పాత కార్డుకై వెదకువారును గలరు. వారిలో కొందరు కోరునది ఏదో యొక పాత కార్డు కాదు. కార్డు లోకమునకు వచ్చిన మొదటి దినముననే తపాలాలో పడిన కార్డు.

ఆ దినము 1869 అక్టోబరు 1. దేశము ఆస్ట్రియా-హంగరీ. 1865లోనే ప్రష్యా తపాలా అధికారి హైన్రిఖ్ ఫాన్ స్టెఫాన్ ఇట్టిదానిని సూచించెను గాని అది సాగలేదు. 1869 జనవరిలో ఎమానుయేల్ హెర్మాన్ అను అర్థశాస్త్రాచార్యుడు వియన్నా పత్రికలో ఒక వ్యాసము వ్రాసెను. రెండు ముక్కల క్షేమసమాచారమునకు కాగితము, కవరు, 5 క్రూజరుల బిళ్ళ ఎందులకని ఆయన వాదము. జాబు 20 మాటలకు మించరాదనియు ఆయన సూచించెను. ప్రభుత్వము కార్డును అంగీకరించి, మాటల నియమమును మాత్రము విడిచిపెట్టెను, మంచిపని చేసెను.

కార్డు వెల 2 క్రూజరులు. ఒకవైపు చిరునామా, చక్రవర్తి తల గల పసుపుపచ్చ బిళ్ళ ముద్ర, రెండవవైపు జాబు. జాబులోని విషయములకు తపాలాశాఖ బాధ్యత వహింపదని అచ్చట అచ్చొత్తిరి! మూడు నెలలలో ముప్పది లక్షలకు కొంచెము తక్కువగా కార్డులు అమ్ముడుపోయెను.

అన్ని అమ్ముడైనను మొదటినాటివి మిగిలినవి బహు స్వల్పము. చదివిన కార్డును దాచవలెనని ఆనాడు తోచినవారు అరుదు. దానికి తోడు, ఆ కాలపు సేకర్తలే కార్డుపైని బిళ్ళ ముద్రను కత్తిరించి పుస్తకములలో అంటించుకొని, తక్కినది పారవేయుచుండిరి. జాబును, చిరునామాయు ఆ విధముగా పోయినవి.

మిగిలినదానిని గుర్తించుటయు సులభము కాదు. ఆనాటి ఆస్ట్రియా తపాలా ముద్రలు పెక్కింటిలో దినము, నెల తప్ప సంవత్సరము కానరాదు. ముద్రలో 1/10 అని యున్నంతమాత్రమున అది 1869 నాటిది కానక్కరలేదు. 1870లోను అక్టోబరు 1 వచ్చినది గదా! అప్పుడు సేకర్త కార్డును త్రిప్పి, వ్రాసినవారు జాబునకు వేసిన తేదీని వెదకును. ఒక తల్లి కుమారునకు వ్రాయుచు, ఒక వర్తకుడు సరకు కోరుచు అలవాటుగా వేసిన ఆ తేదీయే సాక్ష్యము. వారు సంవత్సరము వేయుట మరచిరా, ఇతర ఆధారము దొరకువరకు సందేహము తీరదు. పిమ్మట ఎవరైన ఆ తేదీని చేర్చిరేమో యని సిరాను గూడ పరీక్షింతురు.

మన దేశమున కార్డు 1879 జూలై 1న వెలువడెను. జాబునకు అర్ధణా కాగా కార్డునకు కాలణాయే. తెలుగు ఇండ్లలో వచ్చిన జాబులను ఇనుపకమ్మికి గ్రుచ్చి వ్రేలాడదీయు వాడుక యుండెను. అందువలన మన ప్రాంతపు పాత కార్డులకు నడుమ చిల్లి యుండుట కద్దు. చిల్లి వలన వెల తగ్గును. అయినను ముద్రలో 1879 జూలై 1 స్పష్టముగా నున్నచో, ఏ సేకర్తయు దానిని చేజార్చుకొనడు.