కొత్త ట్రాక్టరు మొరాయిస్తే



దుక్కి అదనులో కొత్త ట్రాక్టరు షెడ్డులో పడివుంటే రైతు మనసు ఎలా వుంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. డీలరు సరిచేసి పంపుతాడు. నాలుగు సాళ్లు తిరిగేసరికి మళ్లీ అదే తంతు. బ్యాంకు కిస్తీ మాత్రం ఆగదు. కోర్టుకెక్కుదామంటే వకీలు ఫీజుకు అప్పు చేయాలేమోనని భయం. ఆ భయంతోనే చాలామంది వూరుకుంటారు.

మీరు 7 లక్షలు పోసి ట్రాక్టరు కొన్నారనుకోండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము ఎంతో తెలుసునా? 200 రూపాయలు! వస్తువు ఖరీదు 5 లక్షలకు మించకపోతే అదీ లేదు. వకీలు లేకుండా మీరే చెప్పుకోవచ్చును. 2019 నాటి చట్టం ప్రకారం, బండి ఎక్కడ కొన్నా మీరు కాపురముండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చును. డీలరునూ, తయారుచేసిన కంపెనీనీ ఇద్దరినీ చేర్చండి. లేకపోతే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.

"ట్రాక్టరు వ్యాపారానికి కొన్నావు, నీవు వినియోగదారుడివి కావు" అని అవతలివారు వాదించడం కద్దు. బెదరకండి. స్వయంగా పనిచేసుకొని బ్రతుకుతెరువు కోసం వాడుకొనేవారిని చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. నాసిరకం విత్తనాల వ్యాజ్యంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ రైతులు వినియోగదారులేనని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే, డ్రైవర్లను పెట్టి నాలుగైదు బండ్లు అద్దెకు తిప్పేవారికి ఈ మాట చెల్లడం కష్టం.

ఇక కాగితాల సంగతి. కేసు నిలిచేదీ పోయేదీ ఇక్కడే. బండి షెడ్డుకు వెళ్లిన ప్రతిసారీ జాబ్ కార్డు అడిగి తీసుకోండి. అందులో మీరు చెప్పిన లోపం, తేదీ, గంటల మీటరు అంకె వుండాలి. "మామూలు సర్వీసు" అని రాసిస్తే సంతకం పెట్టకండి. ఫ్రీ సర్వీసులు వేళకు చేయించండి; అవి తప్పితే వారంటీ పోయిందంటారు. వూరి మేస్త్రీ చేత ఇంజను విప్పించారో, లోపం అతని మీదికి నెట్టేస్తారు. తరువాత లోపమంతా వివరించి, గడువు పెట్టి, స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయండి. నకలు, రసీదు దాచండి. 1915 నంబరుకు ఫోన్ చేస్తే కొన్ని తగవులు కమిషన్ దాకా వెళ్లకుండానే తీరుతాయి. కిస్తీలు మాత్రం ఆపకండి, బ్యాంకు బాకీ వేరు, ఈ తగవు వేరు.

లోపం తేలడానికి కమిషన్ నిపుణుల పరీక్ష కోరవచ్చును. ఆ ఖర్చు ముందుగా మీరే కట్టవలసి రావచ్చు. ఇది తెలిసి వుండడం మంచిది.

వకీలు కావాలనిపిస్తే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. తక్కిన వారిలో చాలామందికి ఆదాయ పరిమితి వున్నది. ఫోన్ నంబరు 15100. బండి భార్య పేరున వున్నట్లయితే అర్జీ ఆమే పెట్టవచ్చును.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. రైతు మీ దగ్గరికి వస్తే, బండి ఎన్నిసార్లు ఆగిందో తేదీలవారీగా ఒక కాగితం మీద రాసిపెట్టండి. అర్జీకి సగం పని అదే. ఫిర్యాదుకు గడువు, వివాదానికి కారణం ఏర్పడిన నాటినుంచి రెండు సంవత్సరాలు. డీలరు "వచ్చే నెల చూద్దాం" అంటూ వుంటే ఆ నెలలు కూడా ఈ లెక్కలోనే పోతాయి.