కారు ఆంప్లిఫైయర్ మూగబోయిందా? మార్చే ముందు ఈ పరీక్షలు తప్పనిసరి

కారులో పాట ఉన్నట్టుండి ఆగిపోతే ఆంప్లిఫైయర్ కాలిపోయిందని చాలామంది తీర్మానించుకుంటారు. కొత్తది కొనేందుకూ సిద్ధపడతారు. అయితే అనేక సందర్భాల్లో లోపం పరికరంలో కాక, దానికి చేరే తీగల్లోనే ఉంటుంది. ఒక మల్టీమీటరు, కాస్త ఓపిక ఉంటే ఆ లోపం ఎక్కడున్నదో వాహనదారులే చాలావరకు కనిపెట్టవచ్చు.

దీపం వెలగకపోతే

ఆంప్లిఫైయర్ పనిచేయడానికి మూడు తీగలు కీలకం. బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే విద్యుత్ తీగ, కారు లోహపు చట్రానికి బిగించే ఎర్తు తీగ, స్టీరియో ఆన్ కాగానే ఆంప్లిఫైయర్‌ను మేల్కొలిపే సన్నని రిమోట్ తీగ.

మల్టీమీటరు నల్ల మొనను ఆంప్లిఫైయర్ ఎర్తు టెర్మినల్‌పై, ఎర్ర మొనను విద్యుత్ టెర్మినల్‌పై ఉంచాలి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 14 వోల్టులకు అటూఇటూ కనిపించాలి. ఏమీ కనిపించకపోతే బ్యాటరీ దగ్గరి ఫ్యూజును చూడాలి. ఫ్యూజు బాగానే ఉంటే నల్ల మొనను ఎర్తు టెర్మినల్ నుంచి తీసి, కారు చట్రంలో రంగు లేని లోహభాగానికి ఆనించాలి. ఇప్పుడు వోల్టేజీ కనిపిస్తే లోపం ఎర్తు తీగదే. పెయింటుపై లేదా తుప్పుపై బిగించిన ఎర్తు నిలవదు. ఆ చోటును లోహం మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించాలి.

ఈ రెండూ సరిగా ఉంటే రిమోట్ తీగను పరీక్షించాలి. స్టీరియో ఆన్‌లో ఉండగా అందులోనూ 12 వోల్టుల వరకు ఉండాలి.

ఎర్రదీపం వెలిగితే

చాలా ఆంప్లిఫైయర్లలో ఎర్రదీపం రక్షణ స్థితికి సంకేతం. ప్రమాదాన్ని పసిగట్టి పరికరం తనను తాను నిలిపివేసుకున్నదని అర్థం. ముందుగా దాన్ని ఆపి, స్పీకరు తీగలను, స్టీరియో నుంచి వచ్చే ఆర్‌సీఏ కేబుళ్లను విడదీసి, మళ్లీ ఆన్ చేయాలి. అప్పటికీ ఎర్రదీపమే వెలిగితే, విద్యుత్ సరఫరా సరిగా ఉన్న పక్షంలో, లోపం లోపలి భాగాల్లో ఉన్నట్టే. అది నిపుణుడి పని.

దీపం మామూలు రంగులోకి మారితే స్పీకర్లను ఒక్కొక్కటిగా కలపాలి. ఏది కలిపినప్పుడు ఎర్రదీపం తిరిగి వస్తుందో, ఆ స్పీకరులోనో దాని తీగలోనో షార్టు ఉన్నట్టు. 4 ఓముల స్పీకర్లు రెండింటిని సమాంతరంగా కలిపితే నిరోధం 2 ఓములకు పడిపోతుంది. అంత తక్కువ నిరోధాన్ని తట్టుకోలేని ఆంప్లిఫైయర్ కొద్దిసేపటికే వేడెక్కి ఆగిపోతుంది. సీటు కింద, కార్పెట్ల మధ్య గాలి ఆడని చోట బిగించినా, వేసవిలో ఇదే పరిస్థితి.

ఈల వినిపిస్తే

యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ స్పీకర్లలో ఈల హెచ్చుతుంటే దాని మూలం ఆల్టర్నేటరు. సాధారణంగా ఎర్తు బలహీనంగా ఉండటమో, ఆర్‌సీఏ కేబులు విద్యుత్ తీగ పక్కనే సాగటమో దీనికి కారణం. ఎర్తును సరిచేసి, ఆ రెంటినీ కారుకు చెరోవైపు నుంచి తీసుకువెళ్తే చాలావరకు తగ్గుతుంది.

శబ్దం బొంగురుపోతుంటే గెయిన్ బిరడాను చూడాలి. అది శబ్దాన్ని పెంచే మీట కాదు, స్టీరియో సంకేతానికి ఆంప్లిఫైయర్‌ను సరిపోల్చే అమరిక. గెయిన్‌ను పూర్తిగా తగ్గించి, స్టీరియో శబ్దాన్ని మూడొంతుల వరకు పెంచి, ఆపై గెయిన్‌ను మెల్లగా పెంచాలి. ధ్వని చెదరడం మొదలవగానే కాస్త వెనక్కి తిప్పి వదిలేయాలి.

ఫ్యూజుతో చెలగాటం వద్దు

ఫ్యూజు కాపాడేది ప్రధానంగా తీగను. అది పదేపదే పోతుంటే ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు వేయడం, రాగితీగ చుట్టడం అగ్నిప్రమాదానికి దారితీస్తాయి. షార్టు ఏర్పడిన తీగ ఫ్యూజు లేకపోతే ఎర్రగా కాలి, పైనున్న ప్లాస్టిక్‌ను, కార్పెట్‌ను అంటించగలదు. అందుకే ప్రధాన ఫ్యూజును బ్యాటరీకి దాదాపు 45 సెంటీమీటర్ల లోపే అమర్చాలి.

తీగలను ముట్టుకునే ముందు బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్‌ను విప్పి, వోల్టేజీ కొలిచే సమయంలో మాత్రమే తిరిగి కలపాలి. సీటు కింది పసుపు రంగు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగులకు సంబంధించినవి. విద్యుత్ వాహనాల్లో నారింజ రంగు తీగలు అధిక వోల్టేజీవి. ఈ రెంటి జోలికీ వెళ్లకూడదు. వారంటీ ఉన్న కారులో కంపెనీ తీగలను కత్తిరించే ముందు దాని షరతులను చదవడం మేలు.