పద్దెనిమిది రోజుల భారతం

వేసవి మొదలయ్యే సరికి చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో బస్టాండు గోడల మీద, టీ బంకుల తలుపుల మీద ఒక పోస్టరు వెలుస్తుంది. పైన ద్రౌపదీ సమేత ధర్మరాజస్వామి, కింద పద్దెనిమిది రోజుల పట్టిక. ఏ రోజు ఏ ఘట్టం, మధ్యాహ్నం హరికథ చెప్పేదెవరు, రాత్రి నాటకం ఆడే బృందం ఏది, ఆనాటి ఖర్చు భరించే ఉభయదారులెవరు అన్నీ అందులోనే ఉంటాయి. మహాభారత యజ్ఞం అని అచ్చు వేస్తారు గానీ జనం నోట అది ‘భారతం’. ‘ఈ ఏడు మీ ఊర్లో భారతం ఉందా?’ అని అడిగితే ఆ ప్రాంతంలో ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు.

2022 ఏప్రిల్‌లో పాత చిత్తూరు జిల్లాను విడదీశాక ఈ ఊళ్ళు వేర్వేరు జిల్లాల్లోకి వెళ్ళాయి. భారతం మాత్రం ఆ గీతల్ని పట్టించుకోలేదు. శ్రీకాళహస్తి, పుత్తూరు, చంద్రగిరి లాంటి పెద్ద ఊళ్ళలోనే కాదు, పేరు వినని పల్లెల్లోనూ ధర్మరాజుల గుళ్ళున్నాయి. అన్ని ఊళ్ళలోనూ ఏటా జరగదు, తేదీలూ ఒకటి కావు. పంట ఇంటికి చేరి పొలం పని తగ్గిన నెలలే ఎక్కువ ఊళ్ళకు అనుకూలం. విరాటపర్వం చదివితే వానలు పడతాయన్నది తెలుగునాట పాత నమ్మకం కాబట్టి, ఎండలు మండే రోజుల్లో భారతం పెట్టుకోవడానికి అదనంగా ఇంకో కారణమూ దొరికింది.

మధ్యాహ్నం పూట కథ హరిదాసుది. పందిరి కింద ముందు వరుసల్లో ముసలివాళ్ళు, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్న ఆడవాళ్ళు. కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, ఒక్కరే అన్ని పాత్రలూ అయ్యే ఈ కళకు పితామహుడు విజయనగరానికి చెందిన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945). గోదావరి ప్రాంతంలో, కపిలేశ్వరపురంలోని సర్వారాయ హరికథా పాఠశాల నుంచి ఎందరో అమ్మాయిలు ఈ విద్య నేర్చుకుని వచ్చారు. మంచి హరిదాసుకు పురాణం ఎంత తెలియాలో ఊరి సంగతులూ అంత తెలియాలి. రాజసూయం చెబుతూ మధ్యలో కరెంటు కోతల మీద, పిల్లల ఫీజుల మీద ఒక విసురు విసరకపోతే పందిరి నిద్రలోకి జారుకుంటుంది.

రాత్రి వీధినాటకం. భోజనాలు ముగిశాకే మొదలు, తెల్లవారితే గానీ ముగియదు. అద్దాల ముక్కలు పొదిగిన కిరీటం, భుజకీర్తులు, ముఖానికి దట్టంగా రంగు. పాత్ర ఒక్కసారిగా ముందుకు రాదు. ఇద్దరు తెర పట్టుకుంటే దాని వెనక అడుగులేస్తూ, పైనుంచి కిరీటం మెరిపిస్తూ ఊరించి, తానెవరో పాటలో చెప్పుకుని అప్పుడు బయటపడుతుంది. హార్మోనియం, మద్దెల, తాళాలు ఉంటే చాలు. ద్రౌపది, సుభద్ర వేషాలు చాలాకాలం మగవాళ్ళవే. ఈ ఆటకు సరిహద్దు అవతలి తమిళ తెరుక్కూత్తు దగ్గరి చుట్టం. చిత్తూరు ఒకప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉన్నదే, 1911లో గానీ విడిగా జిల్లా కాలేదు.

అయితే భారతాన్ని మామూలు నాటకోత్సవం నుంచి వేరు చేసేది పట్టపగలు జరిగే ఘట్టాలు. వీటికి వేదిక ఉండదు. ఊరే ఏకచక్రపురం అవుతుంది, ఊరే కురుక్షేత్రం అవుతుంది. బకాసుర వధ నాడు భీముడు అన్నం బండి మీద వీధుల్లోకి వస్తాడు. ఆ పూట ఊళ్ళో పిల్లలెవరూ ఇళ్ళలో ఉండరు.

జనం ఎక్కువగా కదిలి వచ్చేది అర్జునుడి తపస్సుకు. బయలులో ఎత్తయిన మాను పాతుతారు. దాన్ని తపస్సు మాను అంటారు. వ్యాసుడి అర్జునుడు పాశుపతాస్త్రం కోసం పర్వతం మీద తపస్సు చేశాడు. చిత్తూరు అర్జునుడికి ఆ పర్వతం ఈ మానే. వేషం కట్టిన నటుడు పద్యాలు, పాటలు పాడుతూ ఒక్కో మెట్టూ ఎక్కుతాడు. కింద, పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో నేల మీద సాగిలపడి ఉంటారు. పైకి చేరాక అతను నిమ్మకాయలు, పూలు, విభూతి విసురుతుంటే కొంగులు పట్టుకుని అందుకునేందుకు తోపులాట. ఎండలో, కిరీటం బరువుతో, పట్టుతప్పితే ప్రాణం పోయే ఎత్తులో గొంతు తగ్గకుండా పాడటం సామాన్యం కాదు. నగరాల ఆడిటోరియాల్లో సన్మానాలు అందుకునేవాళ్ళలో ఈ పని చేయగలిగినవాళ్ళు ఎందరుంటారన్నది అడగదగ్గ ప్రశ్నే.

చివరి రోజుల్లోది దుర్యోధన వధ. మైదానంలో వెల్లకిలా పడుకున్న భారీ మట్టి బొమ్మ, రంగులద్దిన మీసాలు, కిరీటం, చేతిలో గద. దాని చుట్టూ, కొన్నిసార్లు దాని మీద కూడా, భీమ దుర్యోధనుల వేషధారులు కలబడతారు. తొడ మీద భీముడి గద పడ్డాక ఎర్రటి రంగు నెత్తురవుతుంది, విరబోసుకున్న ద్రౌపది జుట్టు ముడి పడుతుంది. జనం ఎగబడి బొమ్మ మట్టిని పిడికిళ్ళతో ఇళ్ళకు పట్టుకెళ్తారు. నెత్తుటి చేత్తో జుట్టు ముడి వేయడం సంస్కృతంలో భట్టనారాయణుడి వేణీసంహార నాటకంలో కనిపిస్తుంది గానీ వ్యాసభారతంలో కాదు. ఏ దారిన ఈ ముడి పల్లె మైదానానికి చేరినా, ఇక్కడ భారతం ద్రౌపది కథ. అర్జునుడూ భీముడూ ఆమె పక్క పాత్రలు. అమెరికా పండితుడు ఆల్ఫ్ హిల్టెబైటెల్ ఈ ద్రౌపది ఆరాధన మీద తమిళనాడులోని సెంజి ప్రాంతం కేంద్రంగా రెండు పెద్ద సంపుటాలు రాశాడు (1988, 1991). తెలుగు వైపు పల్లెల మీద ఆ స్థాయి పని ఇంకా రావలసే ఉంది.

ఆ సాయంత్రమే అగ్నిగుండం. కంకణం కట్టుకుని, ఉపవాసం ఉండి, పసుపు బట్టలు వేసుకున్నవాళ్ళు ద్రౌపది అమ్మవారి వెనక వరుసగా నిప్పుల మీద నడుస్తారు. తమిళ సరిహద్దు ఊళ్ళలో దీన్నే తీమితి అంటారు. పంతొమ్మిదో, ఇరవయ్యో శతాబ్దాల్లో దక్షిణాది నుంచి కూలి ఒప్పందాల మీద ఓడలెక్కిన జనం ఈ మొక్కును ఫిజీ, దక్షిణాఫ్రికా, రీయూనియన్ దాకా మోసుకెళ్ళారు. సింగపూర్ మారియమ్మన్ గుడిలో ఏటా తీమితి ఉంది. బెంగళూరు నడిబొడ్డున చైత్ర పౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి బయల్దేరే కరగ ఉత్సవమూ ద్రౌపదిదే.

ఇంత పెద్ద ఏర్పాటుకు డబ్బు ఎక్కడిదంటే జవాబు పోస్టరు మీదే ఉంది. ఒక్కో రోజు ఒక్కో ఇంటిది, ఒక్కో వీధిది, ఒక్కో కులానిది. తాతల నాటి ఉభయాన్ని వదులుకోవడం నామోషీ కనుక, బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేసే మనవడైనా ఆ రోజుకు డబ్బు పంపుతాడు, వీలైతే తానే దిగుతాడు. సర్కారు గ్రాంటు కోసం చూస్తూ కూర్చునే పండగ కాదిది. అదే దాని బలం. కులాల లెక్క మాత్రం అన్నిచోట్లా సాఫీగా ఉండదు: ఎవరి ఉభయం ఏ రోజు, ఎవరు ముందు, ఎవరు వెనక అన్న మాటల మీద పంచాయితీలు కొత్త కాదు.

ఇబ్బంది రాత్రి నాటకానికి. తపస్సు మాను దగ్గర నిలబడటానికి చోటు దొరకదు గానీ, అర్ధరాత్రి దాటాక పందిరి కింద మిగిలేది కాసిన్ని తలలే. అందుకని కొన్ని ఊళ్ళు రోజులు కుదిస్తున్నాయి, ఆట సమయం తగ్గిస్తున్నాయి, మధ్యలో సినిమా పాటకు చోటిస్తున్నాయి. వేషగాళ్ళకు ఈ కొన్ని నెలలే సంపాదన కాలం, తక్కిన ఏడాదంతా వ్యవసాయమో కూలిపనో. పద్యం గొంతు విప్పి పాడే కుర్రాళ్ళు తయారు కావాలంటే ఆ పందిరి నిండాలి.

ఈ వేసవికి చూడాలనుకునేవాళ్ళు ముందు పోస్టరు సరిగా చదువుకోవాలి. తీరిక ఒక్కరోజే ఉంటే దుర్యోధన వధ నాడు వెళ్ళడం మేలు: పొద్దున యుద్ధం, సాయంత్రం గుండం రెండూ దొరుకుతాయి. రెండు రోజులుంటే రెండోది తపస్సుకు. ఎండ బాగా ఉంటుంది కాబట్టి గొడుగు, నీళ్ళు తప్పవు; తిండికి మాత్రం వెతుక్కోనవసరం ఉండదు, అన్నదానం చేయని ఉభయదారులు అరుదు. నాటకం చూడాలంటే కర్ణ మోక్షం పడే రాత్రి చూసుకుని, దుప్పటి ఒకటి పట్టుకుని, రెండో ఆట సినిమాకు వెళ్ళే వేళకు పందిరి చేరితే ముందు వరుసలోనే చోటు దొరుకుతుంది.