కలిసివచ్చిన సిరి – కుచేలుని కొత్త ఇల్లు



ఒక కార్తీక మాసంలో కొల్లేటి లంక గ్రామమొకదానిలో భాగవత ప్రవచనము ముగిసింది. జనమంతా ప్రసాదము తీసుకొని వెళ్లిపోగా ఒక గృహస్థు మాత్రము మండపము మెట్ల దగ్గర నిలబడిపోయాడు. అడగాలా వద్దా అని తటపటాయిస్తున్నాడు. చివరకు ధైర్యము చేసి ఇలా అన్నాడు: "గురువుగారూ! ఏలూరు దగ్గర మా తాతల నాటి పొలము అమ్మామండీ. కలలో కూడా అనుకోని ధర పలికింది. పెద్ద కారు కొనాలని అబ్బాయి అంటున్నాడు. పాలరాతి నేలతో రెండంతస్తుల ఇల్లు, వడ్డాణము కావాలని ఇంట్లోవాళ్లు అంటున్నారు. నాకూ ఆశ ఉంది, మీ దగ్గర దాచను. కొనుక్కుంటే పాపమా?"

దారిద్ర్యము పోవడానికి ఏ వ్రతము చేయాలని అడిగేవారు కోకొల్లలు. సిరి వచ్చిన తరువాత ఏమి చేయాలని అడిగేవారు మాత్రము వేళ్ల మీద లెక్కింపదగినవారే. అందుచేత ఆ రాత్రి ఆయనకు చెప్పినదీ, వేళ మించిపోయి చెప్పలేకపోయినదీ కలిపి ఇక్కడ మనవి చేస్తున్నాను.

అకస్మాత్తుగా ధనము రావడము ఈ ప్రాంతానికి కొత్త కాదు. కొల్లేరు రెండు మహానదుల డెల్టాల నడుమనున్న పల్లపు సీమ. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీరు ఇందులో చేరి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతుంది. ఒకప్పుడు ఇక్కడివారికి వలలో పడిన చేప, నీరు తీసిన చోట పండిన వరి, ఇవే జీవనాధారము. 1970 దశకములో ప్రభుత్వమే మత్స్యకారులకు, దళితులకు సహకార సంఘాల ద్వారా చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. తరువాతి ఇరవై ఏళ్లలో చెరువు వెంట చెరువు లేచింది. బొచ్చె, శీలావతి చేపలు మంచుగడ్డల మధ్య సర్దుకొని లారీలలో హౌరా సంతకు బయలుదేరాయి. ఆకివీడు, కైకలూరు వీధులలో డబ్బు కనబడింది.

ఈ చేపల సొమ్ముకు ఒక లక్షణము కలదు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో కూర్చున్న వర్తకునికి డబ్బు రోజూ వస్తుంది, రోజూ పోతుంది. సాయంత్రము లెక్క చూసుకుంటే తనది ఎంతో, పరులది ఎంతో తెలిసిపోతుంది. చెరువు రైతుకు అలా కాదు. నెలల తరబడి తవుడుకు, చెక్కకు, కూలీలకు పెట్టుబడి పోతూనే ఉంటుంది. పట్టుబడి నాడు ఒక్కసారిగా కట్టలు చేతికి వస్తాయి. ఆ కట్టలలో మేత వర్తకుని బాకీ ఉంది, లీజు సొమ్ము ఉంది, వచ్చే ఏటి చేపపిల్ల ఖరీదు ఉంది. కాని ఆ పూట కంటికి కనిపించేది కట్ట మాత్రమే! భూమి అమ్మిన సొమ్ము, నష్టపరిహారపు సొమ్ము, పదవీ విరమణ నాడు వచ్చే సొమ్ము, అన్నీ ఈ పట్టుబడి వంటివే. ఏది కొనాలన్న ప్రశ్నకు ముందు, ఇందులో నాది ఎంత అన్న ప్రశ్న ఉన్నది.

ఆ గృహస్థును నేను మొదట అడిగినది ఇదే. "నాయనా, అక్కచెల్లెళ్లు ఉన్నారా?"

"ఇద్దరు చెల్లెళ్లండీ. కాగితాల మీద సంతకాలు పెట్టారు. వాళ్లేమీ అడగలేదు" అన్నాడు.

అడగలేదన్న మాట ఆయన కొంచెము త్వరగా చెప్పాడు. 1986లో మన రాష్ట్రము చేసిన చట్టము అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు, 2005లో కేంద్రము చేసిన సవరణ కుమార్తెలందరికీ, ఉమ్మడి పిత్రార్జితములో కుమారునితో సమానమైన హక్కు కల్పించాయి. అన్నగారి మీది మమకారముతో ఆడపడుచు సంతకము పెడితే చట్టము నోరు మూసుకుంటుంది. ధర్మము మూసుకోదు. అప్పటికి ఆ సంగతి అక్కడ విడిచి, ఆయన అడిగిన దానిలోకి వచ్చాను.

వ్యాస భాగవతము అష్టమ స్కంధములో శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి ఒక లెక్క చెబుతాడు. ధనాన్ని అయిదు భాగాలు చేయమంటాడు. ధర్మానికి ఒకటి, కీర్తి నిలిచే పనికి ఒకటి, మరల ధనము పెరగడానికి ఒకటి, భోగానికి ఒకటి, తనవారికి ఒకటి. అలా పంచుకున్నవాడు ఇక్కడా సుఖపడతాడు, అక్కడా సుఖపడతాడని ఆచార్యుని మాట. భోగము పేరు ఆ లెక్కలో స్పష్టముగా ఉన్నదని గమనించండి. దొంగచాటుగా దూరినది కాదు. దాని పీట దానికి వేసే ఉన్నది. అయితే అది అయిదింట ఒకటి, తక్కిన నాలుగు పీటలూ లాగివేసి కూర్చోదగినది కాదు.

బలి ఈ సలహా వినలేదు గదా, సర్వమూ ధారపోసి తరించాడు గదా అని మీరు అనవచ్చును. నిజమే. ఎదుట చేయి చాచినవాడు సాక్షాత్తు శ్రీహరి అని తెలిసి ఇచ్చినవాడు బలి. మన వాకిట నిలిచేవారు సాధారణముగా బంధువులు, వాయిదాల పద్ధతిలో వస్తువులు అమ్మేవారు. గృహస్థుకు శుక్రుని లెక్కే సరిపోతుంది. దేవస్థానము వారు అచ్చువేసే పుస్తకములో ఈ మాట వ్రాస్తూ, ఉన్నదంతా హుండీలో వేయండని నేను చెప్పబోవడము లేదు. ధర్మ భాగము ధర్మ భాగమే, భోగ భాగము భోగ భాగమే.

ఇక భోగ భాగమును ఎలా అనుభవించాలి? దీనికి కుచేలుని కంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మనము ఆ కథలో అటుకుల దగ్గర కన్నీరు పెట్టుకొని ఆగిపోతాము. అసలు పాఠము తిరుగు ప్రయాణములో ఉన్నది.

ద్వారకలో ఆదరణ అంతా అనుభవించి, ఏమీ అడగక, ఏమీ పుచ్చుకొనక కుచేలుడు ఇంటిదారి పట్టాడు. నడుస్తూ తనలో తాను అనుకున్నాడు: బీదవానికి ఒక్కసారిగా ధనము వస్తే మత్తెక్కి భగవంతుని మరచిపోతాడు, నా మీది కరుణతోనే స్వామి నాకు ఏమీ ఇవ్వలేదు. చూడండి, ఆయన ఈ మాట అనుకునే వేళకే అక్కడ ఇల్లు సిద్ధమై ఉన్నది. ధనము రావడానికి ముందే ధనము వలన వచ్చే ప్రమాదాన్ని తలచుకున్నవాడు ఆయన. మనము ఈ క్రమాన్ని తలక్రిందులు చేస్తాము. సొమ్ము రాకముందు కారు రంగు ఏదో తలచుకుంటాము, ప్రమాదమేమిటో సొమ్ము పోయాక తలచుకుంటాము.

ఊరు చేరేసరికి తన పూరిల్లు లేదు. మేడలు, ఉద్యానములు, కలువల కొలనులు. ఇది ఎవరి ఇల్లని నివ్వెరపోయాడు. పాలనురుగు వంటి పడకలు, దంతపు మంచాలు, బంగారు పిడుల వింజామరలు, ముత్యాల సరాల చాందినీలు, రత్నదీపాలు, ఇన్నింటినీ భాగవతము పేరుపేరునా వర్ణించింది. అవి పాపిష్టివని ఎక్కడా అనలేదు. కుచేలుడు వాటిని వీధిలో పారవేయనూ లేదు. భార్యతో కలిసి అనుభవించాడు, అయితే వాటికి అంటుకుపోకుండా, ఎప్పుడైనా విడువగలిగినట్లు అనుభవించాడు.

ఈ సంపదను ముందుగా చూసినది ఎవరు? ఆయన కాదు, ఇల్లాలు. పిల్లల ఆకలి చూడలేక భర్తను ద్వారకకు పంపినది ఆమె. నాలుగిళ్లలో అడిగి అటుకులు తెచ్చి చిరిగిన బట్టలో మూట కట్టి ఇచ్చినది ఆమె. సిరి మొదట ఆమె ఒంటి మీద వెలిగింది. కలిసివచ్చిన సొమ్ములోని భోగ భాగము, కష్టకాలములో మన ఇంట ఎవరు ఎక్కువ వదులుకున్నారో వారి దగ్గర మొదలు కావాలని నేను దీనికి అర్థము చెప్పుకుంటాను. తాను చివర తిన్న తల్లికి, నగ తాకట్టు పెట్టిన భార్యకు, చదువు మానిన తమ్మునికి. అబ్బాయి కారు ఆ వరుసలో ఎక్కడ వస్తుందో ఎవరి ఇంట వారు చూసుకోవలసినదే.

భోగ వస్తువులలో కొన్నింటిది కొన్ననాటితో ఖర్చు తీరిపోతుంది, కొన్ని ఏటేటా మేత అడుగుతాయి. ఏనుగును కొనడము తేలిక, మేపడము కష్టము. పెద్ద కారుకు డ్రైవరు, బీమా, పెట్రోలు ఉన్నాయి. పెద్ద ఇంటికి పనివారు, మరమ్మతులు, కరెంటు బిల్లు ఉన్నాయి. వచ్చిన ధనము ఒక్కసారి వచ్చినది. మేత మాత్రము ప్రతి నెలా కావాలి. కొల్లేటివారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. 1999లో సరస్సు నడుమ 308 చదరపు కిలోమీటర్లు పక్షుల అభయారణ్యముగా ప్రకటింపబడింది. 2002లో కొల్లేరు రాంసర్ జాబితాకు ఎక్కింది. 2006లో సుప్రీంకోర్టు జోక్యముతో అయిదవ కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెగగొట్టారు. సరస్సుకు అది ప్రాణదానమన్నవారు ఉన్నారు, బ్రతుకు తెగిందన్నవారూ ఉన్నారు. ఆ తీర్పు చెప్పడము నా పని కాదు. నా కంటబడినది వేరు. చెరువు ఎల్లకాలము ఉంటుందన్న ధీమాతో భోగాలను అప్పు మీద సమకూర్చుకున్నవారికి, గట్టు తెగిన నాడు చెరువుతోపాటు ఇల్లూ పోయింది. ఉన్నంతలో కొనుక్కున్నవారికి చెరువే పోయింది.

అప్పు చేసి వైభవము జరపడము ఎంత దూరము వెళుతుందో తెలియాలంటే మన చిన్న తిరుపతి, ద్వారకా తిరుమల కొండకేసి చూస్తే చాలు. పెండ్లి ఖర్చుకు కుబేరుని వద్ద అప్పు తీసుకున్న శ్రీనివాసుడు ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని పెద్దలు చెబుతారు. ఆయనకు భక్తకోటి ముడుపులు చెల్లిస్తున్నది. మనకెవరు చెల్లిస్తారు?

శ్యమంతకమణి కథ ప్రతి వినాయక చవితికీ వింటున్నాము. రోజుకు ఎనిమిది బారువుల బంగారము పెట్టే మణి అది. సత్రాజిత్తు దానిని పూజామందిరములో ఉంచినంతకాలము ఎవరికీ ఆపద రాలేదు. తమ్ముడు ప్రసేనుడు దానిని మెడలో వేసుకొని అడవికి వేటకు వెళ్లాడు. అడవిలో మణి ఎవరు చూడాలి? సింహము చూసింది, మాంసఖండమనుకున్నది. నగను పెట్టుకోవలసిన చోట పెట్టుకుంటే అలంకారము. ఇతరుల కళ్లలో పడడమే పనిగా పెట్టుకుంటే ఎవరి కళ్లలో పడుతుందో మన చేతిలో ఉండదు.

1978లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొందరు, ఇల్లినాయిస్ రాష్ట్రములో పెద్ద లాటరీలు గెలిచిన 22 మందిని ఇరుగుపొరుగువారితో పోల్చి చూశారు. లాటరీ తగిలినవారు తక్కినవారి కంటె చెప్పుకోదగినంత ఎక్కువ సంతోషముగా లేరు. పైగా స్నేహితునితో కబుర్లు, ఉదయపు ఫలహారము, చిన్న పరిహాసము వంటి నిత్యపు సుఖాలు వారికి తక్కువగా రుచించాయి. పెద్ద తీపి తిన్న నాలుకకు పాలు చప్పనైనట్లు! కుచేలుని అంటుకోనితనము మోక్షానికే కాదు, అటుకుల రుచి పోకుండా ఉండడానికీ పనికివచ్చిందని నాకు తోస్తుంది.

ఏదైనా గొప్ప వస్తువు కొనాలనే కోరిక బలముగా ఉంటే, దగ్గరలోని చేతిపనివారి వద్ద కొనండి. ఏలూరు తంగెళ్లమూడిలో తరతరాలుగా ఉన్ని తివాచీలు నేస్తున్నారు. పర్షియా నుంచి వచ్చి స్థిరపడినవారు ఆ విద్యను తెచ్చారని చెబుతారు. ఆ తివాచీలు సముద్రాలు దాటి విదేశాలకు వెళ్లాయి గాని, మన వాకిళ్లలో కనబడడము అరుదు. అటువంటిది ఒకటి మీ సావడిలో పరిస్తే మీ భోగము మరొకరి పొయ్యి వెలిగిస్తుంది. దానికి పెట్రోలు కూడా అక్కరలేదు.

మరునాడు ఉదయము నేను బస్సు కోసము నిలుచుని ఉండగా ఆ గృహస్థు తన తల్లిగారిని వెంటబెట్టుకొని వచ్చాడు. డెబ్బై దాటిన ముదుసలి. "అమ్మా, మీకేమి కావాలి? మీ అబ్బాయి కొనిపెడతాడట" అన్నాను.

ఆమె నవ్వింది. చుట్టూ నీరే ఉన్నా తాగే నీటికి వెతుక్కోవడము కొల్లేటి పల్లెల పాత బాధ. "కాపురానికి వచ్చిన నాటి నుంచి బిందె మోశాను బాబూ. వంటింట్లోకి మంచినీళ్లు రావాలి, నేను కూర్చున్న చోటు నుంచే చెంబు ముంచుకోవాలి" అన్నది. కొంచెము ఆగి, కొడుకు వైపు చూడకుండా, "ఆడపిల్లలిద్దరూ ఒక నెల రోజులు నా దగ్గర ఉంటే బాగుండును. ఈ మధ్య రావడము మానేశారు" అన్నది.

ఆయన తల వంచుకున్నాడు. బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. నేను ఎక్కబోతుండగా దగ్గరకు వచ్చి, "చెల్లెళ్లకు కబురు చేయడానికి మంచిరోజు చెప్పండి గురువుగారూ" అన్నాడు.

పంచాంగము సంచిలోనే ఉన్నది. తీయలేదు. ఈ రోజే బాగున్నదని చెప్పాను.