పావురపు గూటిలో నొక చిత్రశాల

చలనచిత్రములు పిల్లలను బాగుచేయునా, చెరచునా యని తలిదండ్రులు మమ్ము తరచుగా నడుగుచుందురు. పారిసు నగరమునందలి యొక చిన్న చిత్రశాల చరిత్రము ఈ ప్రశ్నకు కొంత సమాధానము చెప్పగలదు.

సీను నదికి ఎడమ గట్టున, సెయింట్ సుల్పీస్ దేవాలయమునకు సమీపమున, వ్యూ కొలంబియే యను వీథి కలదు. ఆ పేరునకు పాత పావురపు గూడని యర్థము. 1913వ సంవత్సరమున జాక్ కొపో యను నాటక ప్రయోక్త ఆ వీథిలో వీథి పేరనే యొక చిన్న నాటకశాలను స్థాపించెను. 1924లో ఆయన దానిని విడిచిపోగా, జాన్ తెదెస్కో యను పత్రికా సంపాదకుడు దానిని చిత్రశాలగా మార్చి, ఆ నవంబరు మాసమున ప్రదర్శనల నారంభించెను.

ఆ దినములలో చిత్రము కొన్ని వారములాడి మాయమగుచుండెను. క్రొత్తది వచ్చుటయే తడవుగా పాతది మరుగునబడుచుండెను. మంచి గ్రంథమును మరల మరల చదువుదుము గదా, మంచి చిత్రమును మాత్రము ఒకసారి చూచి మరువనేల? తెదెస్కో యవలంబించిన పద్ధతి యిదియే. ఆయన యెన్నదగిన పాత చిత్రములను తెప్పించి మరల చూపెను; వ్యాపారశాలలలో చోటు దొరకని క్రొత్త ప్రయోగములకును చోటిచ్చెను.

అంతటితో నిలువక, జాన్ రెన్వార్ అను దర్శకునితో గూడి, ఆ శాల యటకమీదనే యొక చిత్రమును తీసెను. అది విద్యార్థు లెరిగిన ఆండర్సన్ కథయే. చలిలో అగ్గిపుల్లల నమ్ము బీదపిల్ల కథ. నాటి సాధారణపు ఫిల్ము ఎరుపును గ్రహింపజాలదు. ఎర్రని పెదవులు నల్లగా కనబడును. అన్ని వర్ణములను గ్రహించు పాంక్రొమాటిక్ ఫిల్మును అంతవరకు ముఖ్యముగా ఆరుబయటనే వాడుచుండిరి. ఎరుపుచాయ గల బల్బుల వెలుగున దానిని ఇంటిలోపలను వాడవచ్చునని వీరు చూపిరి. ఒక మోటారుకారు యంత్రముతో విద్యుత్తును తామే పుట్టించుకొనిరి. ఫిల్మును తామే కడుగుకొనిరి. 1928లో చిత్రము ప్రదర్శింపబడెను గాని, యొక కవి కుటుంబమువారు వ్యాజ్యము వేయుటచే నిలిచిపోయెను. రెన్వార్ గెలిచెను, కాని యంతలో మాటలాడు చిత్రములు వచ్చెను. 1930లో సంగీతము చేర్చి దానిని మరల విడుదల చేయవలసివచ్చెను.

ఈ రెన్వారే 1949లో తన “ది రివర్” అను చిత్రము కొరకు వంగదేశమునకు వచ్చెను. అప్పుడాయనకు తగిన స్థలములు చూపుచు వెంట తిరిగిన యువకుడు సత్యజిత్ రాయ్. మంచి చిత్రములను తెప్పించి చూచుటకై 1947లో కలకత్తా ఫిల్ము సొసైటీని మిత్రులతో స్థాపించినవారిలో ఆయన యొకడు. ఆయన స్వల్పధనముతో తీసిన “పథేర్ పాంచాలి” 1955లో వెలువడెను.

పావురపు గూడు మరల నాటకశాలయైనది. 1993 నుండి ఫ్రెంచి జాతీయ నాటకసంస్థయైన కొమెదీ ఫ్రాన్సేజ్ ప్రదర్శనలు అచ్చట జరుగుచున్నవి. చిత్రశాలగా అది బ్రతికినది కొలదికాలమే. అయినను, తెరయందు మంచియు లేదు, చెడుగును లేదు; దానిపై నేమి చూపవలెనో యెన్నువాని వివేకమునందే రెండును గలవని అది నేర్పినది. తలిదండ్రులారా, పిల్లలకు పుస్తకమును ఎన్ని యిచ్చునట్లే చిత్రమును ఎన్ని చూపుడు; వీలైన వారి ప్రక్కనే కూర్చుండి చూడుడు.