ఒకే వర్గం – రెండు కుటుంబాలు

ఆవర్తన పట్టికను శ్రద్ధగా చదివే విద్యార్థికి తొలి చిక్కుముడి మొదటి వర్గంలోనే ఎదురవుతుంది. 1871లో మెండలీవ్ ప్రకటించిన పట్టికలో సోడియం, పొటాషియం ఉన్న వర్గంలోనే రాగి, వెండి, బంగారం కూడా కనిపిస్తాయి. అయితే ఈ మూడింటిని ఆయన ఎనిమిదవ వర్గంలో కూడా చూపించాడు. తరువాతి పాఠ్యగ్రంథాలు మొదటి వర్గాన్ని ఒకటి-ఎ, ఒకటి-బి అని రెండు ఉపవర్గాలుగా విభజించాయి. వర్గాలకు 1 నుండి 18 వరకు వరుస సంఖ్యలు ఇవ్వాలని 1988లో అంతర్జాతీయంగా సిఫారసు జరిగిన పిదప క్షార లోహాలు 1వ వర్గంగాను, నాణెపు లోహాలు 11వ వర్గంగాను స్థిరపడినవి. వీటిని ఒకచోట చేర్చిన పోలిక ఏది? విడదీసిన భేదం ఏది?

పోలిక స్పష్టమే. ఈ రెండు కుటుంబాల పరమాణువులలోను బాహ్య కర్పరంలో ఒకే ఎలక్ట్రాన్ ఉన్నది. అందుచేతనే సోడియం క్లోరైడు, వెండి క్లోరైడు ఒకే తీరు ఫార్ములా కలిగి ఉన్నవి. రెండు కుటుంబాల లోహాలూ విద్యుత్తును చక్కగా ప్రసరింపజేస్తాయి.

ఇక భేదాన్ని చూద్దాం. ఒకే పీరియడ్‌లోని పొటాషియం, రాగి ఇందుకు తగిన ఉదాహరణలు. పొటాషియం కత్తితో కోయదగినంత మెత్తనిది, నీటి కంటె తేలిక, 63.5 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే కరుగుతుంది. నీటిని తాకగానే మండుతుంది గనుక దానిని కిరోసిన్‌లో భద్రపరుస్తారు. రాగి సాంద్రత 8.96, అది కరగడానికి 1085 డిగ్రీల వేడి కావాలి. మన ఇండ్లలో రాగి బిందెలోనే నీరు నిలువ ఉంచుకొంటాము. ప్రకృతిలో రాగి, బంగారం లోహరూపంలోనే దొరకడం వల్ల ప్రాచీన మానవుడు వాటిని ఎరుగును. సోడియం, పొటాషియం లోహాలను వేరుచేయడానికి మాత్రం 1807లో హంఫ్రీ డేవీ విద్యుద్విశ్లేషణ ప్రయోగం జరిపేవరకు వేచి ఉండవలసి వచ్చింది.

దీనికి కారణం బాహ్య ఎలక్ట్రాన్‌లో కాక దాని వెనుక ఉన్న కర్పరంలో వెదకవలెను. పొటాషియం ఎలక్ట్రాన్ విన్యాసం 2, 8, 8, 1. రాగి విన్యాసం 2, 8, 18, 1. పొటాషియం కేంద్రకంలో 19 ప్రోటాన్లు, రాగి కేంద్రకంలో 29 ప్రోటాన్లు ఉన్నవి. ఈ పది ప్రోటాన్లతో పాటు అదనంగా వచ్చిన పది ఎలక్ట్రాన్లు లోపలి డి-ఆర్బిటాళ్లలో చేరినవి. డి-ఎలక్ట్రాన్లు కేంద్రకపు ఆకర్షణను గట్టిగా అడ్డగించలేవు. కాబట్టి రాగి బాహ్య ఎలక్ట్రాన్ కేంద్రకానికి చేరువగా, బిగువుగా బంధింపబడి ఉంటుంది. దానిని తొలగించడానికి మోల్ ఒక్కింటికి 745 కిలోజౌళ్ల శక్తి అవసరం. పొటాషియంకు 419 చాలును.

ఆ డి-ఎలక్ట్రాన్లు రసాయన చర్యలలో కూడా పాల్గొంటాయి. అందుచేత రాగికి ఒకటి, రెండు అను రెండు వేలన్సీలు గలవు. మైలుతుత్తం నీలిరంగుకు మూలం ఇదే. పొటాషియం లవణమైన సురేకారం తెల్లగానే ఉంటుంది.

కుటుంబంలో క్రిందికి పోయిన కొలది ఈ భేదం మరింత విస్పష్టమవుతుంది. క్షార లోహాలలో క్రిందనున్న సీజియం నీటితో పొటాషియం కంటె తీవ్రంగా చర్య జరుపుతుంది. నాణెపు లోహాలలో క్రమం తలక్రిందులు: రాగి కంటె వెండి, వెండి కంటె బంగారం మందకొడివి. బంగారానికి ముందు 14 ఎఫ్-ఎలక్ట్రాన్లు కూడా చేరడం, బరువైన కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లు అతివేగంగా తిరగడం వల్ల బాహ్య ఎలక్ట్రాన్ మరింత లోనికి లాగబడుతుంది. అందువలననే గాఢ నత్రికామ్లంలో వెండి కరుగుతుంది, బంగారం కరుగదు. దానికి ద్రవరాజం కావాలి. హైదరాబాదు పాతబస్తీ పనివారు తరతరాలుగా వెండిని వరఖులుగా సాగగొట్టి మిఠాయిలపై పరచగలిగారన్నా, అది ఈ కుటుంబపు స్వభావం వల్లనే.

ఈ రెండు కుటుంబాలు మన ప్రయోగశాలలో ఒకే పరీక్షనాళికలో కలుసుకొంటాయి. ఉప్పునీటిలో వెండి నైట్రేటు ద్రావణం వేయగానే తెల్లని, పెరుగు వంటి అవక్షేపం ఏర్పడుతుంది. క్లోరైడు వెండితో కలిసి అడుగున చేరుతుంది. సోడియం నీటిలోనే మిగిలిపోతుంది. ఒకే ఫార్ములా గల రెండు క్లోరైడులలో ఒకటి నీట కరుగుతుంది, రెండవది కరుగదు.

బాహ్య ఎలక్ట్రాన్ల సంఖ్య సమానమైతే ధర్మాలు సమానమని కంఠస్థం చేసే విద్యార్థి ఇక్కడ తప్పక పొరబడతాడు. వర్గ సంఖ్య పరమాణువు వాకిలిని మాత్రమే చూపుతుంది. లోపలి కర్పరాన్ని కూడా పరికించినవారికే లోహపు స్వభావం తెలియవస్తుంది. అవక్షేప పరీక్ష చేసే విద్యార్థులు ఫలితాన్ని రికార్డులో వ్రాసి ఊరుకొనక, కారణాన్ని కూడా విచారించెదరు గాక.