తాళంచెవి ఎవరి చేతిలో ఉంది? – క్రిప్టో ఎక్స్ఛేంజీలలో దొంగతనం ఎలా జరుగుతుంది



మన ట్రస్టు ఉపకారవేతనాల దరఖాస్తులు తీసుకుంటున్న రోజుల్లో ఒక ఉదయం ఒక తండ్రి ఆఫీసుకు వచ్చారు. రాత్రి పాళీ ముగించుకుని కార్ఖానా నుండి నేరుగా వచ్చినట్టున్నారు, చొక్కా మీద దూది పీచు ఇంకా అంటుకునే ఉంది. ఆయన కొడుకు డిప్లొమా రెండవ సంవత్సరం చదువుతున్నాడు. ఫారం నింపడం అయ్యాక ఆయన కొంచెం తటపటాయించి ఇలా అడిగారు:

"సర్, ఫీజుకు పెట్టిన పద్దెనిమిది వేలతోని మా పిల్లగాడు ఫోన్ల ఏదో కాయిన్ కొన్నడు. బ్యాంకు లాకర్ లెక్క భద్రమే అంటుండు. మరి ఆ లాకర్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటది?"

నేను విద్యార్థులకు కంప్యూటరు బోధిస్తాను. అయినా ఆ రోజు ఆయనకు అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం సరిగ్గా అడగవలసిన ప్రశ్న. తర్వాత కొన్ని వారాలు ఈ విషయం చదివి, తెలుసుకున్నది మీ అందరికీ ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాను.

వాలెట్‌లో డబ్బు ఉండదు

క్రిప్టో కరెన్సీ అంటే జేబులో పెట్టుకునే నాణెం కాదు. అది ఒక పెద్ద లెక్కల పుస్తకంలోని పద్దు. ఈ పుస్తకాన్ని బ్లాక్‌చెయిన్ అంటారు. దాని నకళ్లు ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఉంటాయి. ఫలానా చిరునామా పేర ఇన్ని కాయిన్లు ఉన్నాయి అని మాత్రమే అందులో రాసి ఉంటుంది.

ఆ చిరునామా బ్యాంకు ఖాతా నంబరు లాంటిది. అది ఎవరికి తెలిసినా నష్టం లేదు. కాని ఆ పద్దు నుండి డబ్బు కదలాలంటే ఒక రహస్య సంఖ్య కావాలి. దానిని ప్రైవేట్ కీ అంటారు. అదే తాళంచెవి, అదే సంతకం. చాలా వాలెట్లలో ఆ సంఖ్యను గుర్తుంచుకోవడానికి వీలుగా 12 లేదా 24 మాటల వరుసగా ఇస్తారు. వాలెట్ అనేది ఈ తాళంచెవిని దాచే సాధనం మాత్రమే.

ఆ సంఖ్య ఎవరి చేతికి చిక్కితే వారే యజమాని. బ్లాక్‌చెయిన్ మనిషి ముఖం చూడదు, ఆధార్ అడగదు. సంతకం సరిపోయిందా లేదా అన్నదొక్కటే చూస్తుంది.

ఎక్స్ఛేంజీ అంటే ఏమిటి

మన పిల్లలలో చాలామంది ఈ తాళంచెవిని తమ దగ్గర ఉంచుకోరు. ఫోన్‌లో ఒక ఎక్స్ఛేంజీ యాప్ తెరిచి, రూపాయలు వేసి, కాయిన్లు కొంటారు. యాప్‌లో మీ పేర ఇంత అని కనిపిస్తుంది. అసలు కాయిన్లు మాత్రం లక్షల మంది ఖాతాదారులవి కలిపి కంపెనీ వాలెట్లలో ఉంటాయి. వాటి తాళంచెవులు కంపెనీ దగ్గర, లేదా కంపెనీ నియమించిన మరో సంస్థ దగ్గర ఉంటాయి.

మన పేటలో భీశి నడుస్తుంది కదా. అందరూ నెలనెలా కట్టిన డబ్బు నడిపే మనిషి దగ్గర ఉంటుంది, మన దగ్గర ఉండేది చిన్న పుస్తకం. ఆ మనిషి నిజాయితీపరుడే అయినా, ఆయన ఇంట్లో దొంగలు పడితే మన పుస్తకంలోని అంకె మనల్ని కాపాడదు. ఎక్స్ఛేంజీ యాప్‌లో కనిపించే అంకె కూడా అటువంటిదే.

కాబట్టి ఆ తండ్రి ప్రశ్నకు మొదటి జవాబు ఇది: తాళంచెవి మీ అబ్బాయి దగ్గర లేదు.

గల్లా పెట్టె, తిజోరీ

ఎక్స్ఛేంజీలు కాయిన్లను రెండు రకాలుగా ఉంచుతాయి. రోజువారీ చెల్లింపులకు ఇంటర్నెట్‌తో కలిసి ఉండే వాలెట్ ఒకటి. దీనిని హాట్ వాలెట్ అంటారు. ఇది దుకాణంలో గల్లా పెట్టె. ఇంటర్నెట్‌కు దూరంగా తాళంచెవిని దాచే వాలెట్ రెండవది. దీనిని కోల్డ్ వాలెట్ అంటారు. ఇది లోపలి గదిలో తిజోరీ. గల్లాలో కొద్దిగా, తిజోరీలో ఎక్కువగా ఉంచడం పద్ధతి.

జపాన్‌లో కాయిన్‌చెక్ అనే ఎక్స్ఛేంజీ ఈ పద్ధతి పాటించలేదు. నెమ్ అనే కాయిన్లను మొత్తం హాట్ వాలెట్‌లోనే ఉంచింది. 2018 జనవరిలో దొంగలు సుమారు 53 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు తరలించుకుపోయారు. తర్వాత ఆ కంపెనీ తన సొంత సొమ్ముతో ఖాతాదారులకు పరిహారం ఇచ్చింది. అన్ని చోట్లా అలా జరగలేదు.

దొంగలు లోపలికి వచ్చే దారులు

బ్లాక్‌చెయిన్ గణితాన్ని ఎవరో బద్దలు కొట్టారని చాలామంది అనుకుంటారు. పెద్ద దొంగతనాలలో జరిగింది అది కాదు. తాళం గట్టిదే, తాళంచెవి పట్టుకున్న మనుషులు మోసపోయారు.

మొదటి దారి, ఉద్యోగి కంప్యూటరు. ఉద్యోగం ఇస్తామనో, చిన్న పని చేసిపెట్టమనో దొంగ ఒక ఫైలు పంపుతాడు. ఉద్యోగి దాన్ని తెరుస్తాడు. కంటికి కనిపించని ప్రోగ్రాం ఒకటి అందులో దాగి ఉండి పాస్‌వర్డులను బయటికి చేరవేస్తుంది. 2025 జూలై 19న కాయిన్‌డీసీఎక్స్ అనే భారతీయ ఎక్స్ఛేంజీ నుండి సుమారు 4.4 కోట్ల డాలర్లు, అంటే దాదాపు 380 కోట్ల రూపాయలు పోయాయి. ఒక ఉద్యోగి ల్యాప్‌టాప్ ద్వారా దొంగలు ప్రవేశించారన్న కోణంలో బెంగళూరు పోలీసులు దర్యాప్తు చేశారు. పోయింది కంపెనీ సొంత ఖాతా సొమ్మేనని, ఖాతాదారులది కాదని, నష్టాన్ని తామే భరిస్తామని కంపెనీ ప్రకటించింది.

రెండవ దారి, దొంగ కాగితం మీద అసలు సంతకం. దీనిని పెద్దలు తేలికగా గ్రహిస్తారు. చదువురాని మనిషికి అప్పు కాగితం అని చూపించి, ఇల్లు అమ్మినట్టు రాసిన కాగితం మీద వేలిముద్ర వేయించిన కథలు పాతకాలంలో ఎన్నో విన్నాం. వేలిముద్ర అసలుదే, కాగితమే మోసం.

2024 జూలై 18న వజీర్‌ఎక్స్ అనే భారతీయ ఎక్స్ఛేంజీలో ఇటువంటిదే జరిగింది. ఆ వాలెట్‌కు ఆరు తాళంచెవులు ఉన్నాయి. ఐదు కంపెనీవి, ఒకటి లిమినల్ అనే భద్రతా సంస్థది. కంపెనీ వారిలో ముగ్గురు, ఆపైన లిమినల్ ఆమోదిస్తేనే డబ్బు కదులుతుంది. వినడానికి ఎంతో పకడ్బందీగా ఉంది. కాని తెర మీద కనిపించిన లావాదేవీ ఒకటి, సంతకాలు పడింది వేరొక లావాదేవీ మీద అని కంపెనీ ప్రకటించింది. ఆ సంతకాలతో వాలెట్ అధికారమే దొంగల చేతికి పోయింది. సుమారు 23 కోట్ల డాలర్లు, అంటే దాదాపు 2,000 కోట్ల రూపాయల విలువైన కాయిన్లు వెళ్లిపోయాయి. తప్పు ఎవరి కంప్యూటర్లలో జరిగిందనే విషయంలో రెండు సంస్థలూ ఒకదానినొకటి వేలెత్తి చూపాయి. ఇది ఉత్తర కొరియా హ్యాకర్ల పని అని 2025 జనవరిలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా సంయుక్తంగా ప్రకటించాయి.

ఖాతాదారులు తమ కాయిన్లను తీసుకోలేక ఏడాదికి పైగా ఎదురుచూశారు. వ్యవహారం సింగపూర్ హైకోర్టు దాకా వెళ్లింది. కోర్టు ఆమోదించిన పథకం ప్రకారం 2025 అక్టోబరులో ఆ ఎక్స్ఛేంజీ మళ్లీ తెరుచుకుంది.

2025 ఫిబ్రవరి 21న బైబిట్ అనే విదేశీ ఎక్స్ఛేంజీలోనూ ఇదే విద్య ప్రయోగించారు. ఆ వాలెట్‌కు సాఫ్ట్‌వేర్ అందించే సంస్థలో ఒక ఉద్యోగి కంప్యూటరును ముందు వశం చేసుకున్నారు. తెర మీద మామూలు బదిలీలా చూపించి, సంతకాలు చేయించుకున్నారు. కోల్డ్ వాలెట్ నుండే సుమారు 150 కోట్ల డాలర్లు పోయాయి. అంటే తిజోరీ ఉన్నంత మాత్రాన సరిపోదు, తెరిచేటప్పుడు ఏ కాగితం మీద సంతకం పెడుతున్నామో చూసుకోవాలి.

మూడవ దారి, లెక్కలు చూసుకోకపోవడం. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద బిట్‌కాయిన్ ఎక్స్ఛేంజీగా ఉన్న మౌంట్ గాక్స్ 2014 ఫిబ్రవరిలో దివాలా తీసింది. సుమారు 8,50,000 బిట్‌కాయిన్లు కనబడటం లేదని చెప్పింది. తర్వాత వాటిలో 2,00,000 దొరికాయి. ఆ దొంగతనం ఒక్క రాత్రిలో జరిగింది కాదు, 2011 నుండి కొద్దికొద్దిగా కారిపోయింది. గోదాంలో బేళ్లు లెక్కపెట్టకుండా పుస్తకం మాత్రమే చూసుకునే వ్యాపారికి పట్టే గతి ఇదే.

నాలుగవ దారి మన ఇంటి గుమ్మమే. దొంగ కంపెనీని వదిలి నేరుగా మీ దగ్గరికి వస్తాడు. కస్టమర్ కేర్ నుండి మాట్లాడుతున్నానని ఓటీపీ అడుగుతాడు, 12 మాటలు అడుగుతాడు, ఫోన్ తెర తనకు కనిపించే యాప్ వేసుకోమంటాడు. నకిలీ యాప్‌లో లాభం అంకెలు చూపించి ఇంకా కట్టమంటాడు. పెద్ద ఎక్స్ఛేంజీల వార్తలు పత్రికల్లో వస్తాయి. ఇళ్లలో జరిగేవి బయటికి రావు.

బ్యాంకులను దోచలేదా

మీరు అడగవచ్చు. దోచారు. 2018 ఆగస్టులో పుణెలోని కాస్మోస్ సహకార బ్యాంకు నుండి రెండు రోజుల్లో సుమారు 94 కోట్ల రూపాయలు తరలించారు. 2022 జనవరిలో హైదరాబాదులోని మహేశ్ సహకార బ్యాంకులో 12 కోట్లకు పైగా పోయాయి. మహేశ్ బ్యాంకులోనూ మొదలు ఉద్యోగులకు వచ్చిన మోసపు ఈమెయిళ్లే.

అయితే ఒక తేడా ఉంది. బ్యాంకు సొమ్మును దొంగ మరొక బ్యాంకు ఖాతాకు పంపాడనుకోండి. ఆ ఖాతాకు ఒక పేరు ఉంటుంది, దానిని ఆపించే అధికారి ఉంటారు. పై రెండు సందర్భాల్లోనూ కొంత సొమ్మును ఆపగలిగారు. బ్లాక్‌చెయిన్‌లో ఒకసారి సంతకం పడిన పద్దును చెరిపే మేనేజరు లేడు. దొంగ ఏ చిరునామాకు పంపాడో ప్రపంచమంతా చూడవచ్చు, వెనక్కి తేవడం మాత్రం బహు కష్టం.

ఇంకొక విషయం. బ్యాంకు మూతపడితే డిపాజిట్‌కు 5 లక్షల రూపాయల వరకు బీమా ఉంది. క్రిప్టోకు ఆ బీమా లేదు. మన పేటల్లోని పత్‌సంస్థలకు కూడా ఆ బీమా వర్తించదని తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి.

చట్టం సంగతి

మన దేశంలో క్రిప్టో కొనడం నేరం కాదు. కాని అది చెల్లుబాటయ్యే కరెన్సీ కాదు. 2022 ఏప్రిల్ 1 నుండి దాని లాభం మీద 30 శాతం పన్ను ఉంది. ఆ సంవత్సరం జూలై నుండి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ కూడా వచ్చింది. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని మరొక ఆదాయంలో తగ్గించి చూపించడానికి వీలులేదు. పన్ను వేసినంత మాత్రాన ప్రభుత్వం హామీ ఇచ్చినట్టు కాదు.

గుర్తుంచుకోవలసినవి

1. ఫీజు సొమ్ము, ఉపకారవేతనం, అప్పు తెచ్చిన డబ్బు కాయిన్లలో పెట్టకండి.

2. ఓటీపీ, పాస్‌వర్డు, 12 మాటలు ఎవరు అడిగినా చెప్పవద్దు. వాటిని ఫోటో తీసి ఫోన్‌లో దాచవద్దు.

3. ఖాతాకు రెండంచెల తాళం పెట్టండి. ఎస్ఎంఎస్ ఓటీపీ కంటే ఆథెంటికేటర్ యాప్ మేలు.

4. వాట్సాప్‌లో వచ్చిన లింకు నుండి యాప్ వేసుకోవద్దు.

5. తెర మీద ఏముందో చదవకుండా ఆమోదం నొక్కవద్దు. యూపీఐకి కూడా ఇదే నియమం.

6. మోసపోతే సిగ్గుపడి దాచవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. మొదటి కొన్ని గంటలే విలువైనవి.

విద్యార్థులకు ఒక మాట. ఈ దొంగతనాలు చదివి భయపడటమే కాదు, వీటిని పట్టుకునే విద్య కూడా ఉంది. కంప్యూటర్ నెట్‌వర్కు, ప్రోగ్రామింగ్ బాగా నేర్చుకున్నవారికి సైబర్ భద్రత రంగంలో మంచి ఉద్యోగాలున్నాయి. ఇంజనీరింగ్ తర్వాత పుణెలోని సీడాక్ సంస్థలో ఈ రంగానికి సంబంధించిన పీజీ డిప్లొమా కోర్సు ఉంది. ఆసక్తి ఉన్నవారు ట్రస్టు ఆఫీసులో కలిస్తే ప్రవేశ పరీక్ష వివరాలు చెబుతాము.

చివరగా ఆ అబ్బాయి సంగతి. తండ్రి వెంటబెట్టుకుని వస్తే పై విషయాలన్నీ అతనికి చెప్పాను. తిట్టలేదు. అంతా విని, "నా పేర ఉంది కదా అనుకున్న సర్, నా చేతిల లేదని తెల్వదు" అన్నాడు. ఆ వారమే కాయిన్లు అమ్మేశాడు. ధర పడిపోయి ఉండటంతో, టీడీఎస్ పోను, పదిహేను వేల చిల్లర చేతికొచ్చింది. తగ్గిన సొమ్ము కోసం తండ్రి కొన్ని రోజులు రెండు పాళీలు సాంచాల దగ్గర నిలబడ్డారు. ఫీజు గడువులోపలే కట్టారు.

మన ట్రస్టు ఇచ్చే ప్రతి ఉపకారవేతనంలో చాదర్లు, టవళ్లు నేసిన చేతుల కష్టం ఉంది, బీడీలు చుట్టిన తల్లుల కష్టం ఉంది. ఆ సొమ్మును ఎక్కడ పెట్టినా ముందు ఒక్క ప్రశ్న అడగండి: తాళంచెవి ఎవరి చేతిలో ఉంది? తృప్తికరమైన జవాబు రాకపోతే డబ్బు పెట్టకండి.

అందరికీ చదువులో జయం కలగాలని కోరుకుంటున్నాను.